తెలీదని చెప్పిన మైకు

ఇవాళ పొద్దున్న సముద్రంలో కాలు పెట్టగానే తెలిసిపోయింది. దసరా వెళ్ళి పౌర్ణమి కూడా దాటింది. గాలిలో చిరుచలి మొదలైంది, ఒడ్డున ఇసుక పాదాలకి చల్లగానే తగిలింది. నీళ్ళు మాత్రం స్నానానికి కాచి ఎవరో మరిచిపోయినట్టు గోరువెచ్చగా ఉన్నాయి. కెరటం వచ్చి మడమలు తడిపి వెనక్కి వెళ్ళినా ఆ వెచ్చదనం కాళ్ళని వదల్లేదు. నాకు వెంటనే సుభద్రమ్మగారు గుర్తొచ్చారు. ఆవిడ గుర్తు రావడానికి పెద్ద కారణాలేవీ అక్కర్లేదు గానీ, వేళ కాని వేళ వేడెక్కిన సముద్రమంటే నాకు మరీ ఆవిడే. తమాషా ఏమిటంటే ఆవిడకి సముద్రమంటే భయం. మా ఒడ్డున అన్నేళ్ళు పనిచేసి కూడా, కెరటం దగ్గరికొస్తే చీర కుచ్చిళ్ళు పట్టుకుని చిన్నపిల్లలా వెనక్కి పరుగెత్తేవారు.

మాది గంజాం తీరంలో, గోపాల్‌పూర్‌కి దక్షిణంగా ఉన్న చిన్న జాలరి పల్లె. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, సంతలో ఏది ముందు నోటికొస్తే అది. సముద్రం ఏ రోజు ఎలా ఉండబోతోందో, చేపలు ఏ దిక్కున దొరకొచ్చో ఉపగ్రహాలు చూసి ఎక్కడో ఎవరో లెక్కగట్టి పంపుతారు. ఆ కబురు జాలర్లకి వినిపించడానికి ఒక సంస్థ మా ఊళ్ళో ఒక గది కట్టించి, దాని ముందు ఇనప స్తంభం నాటి, నాలుగు దిక్కులకీ మైకు బూరలు బిగించింది. ఆ గది చూసుకోవడానికి బరంపురం నుంచి ఒకావిడ వస్తున్నారంటే ఊరంతా వెళ్ళి బస్సు దగ్గర నిలబడ్డాం. దిగినావిడ షావుకార్ల ఇంటి ఆడపడుచు. వాళ్ళది పెద్దబజారులో చింతపండు, పసుపు, ఎండుమిరప టోకు వ్యాపారం. ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యారు, బరంపురం పక్కనే హల్దియాపదర్‌లో తమ్ముడి కుటుంబంతో ఉంటున్నారు. పుట్టి బుద్ధెరిగాక చేప ముక్క నోట పెట్టని మనిషి మాకు చేపల జాడ చెబుతుందట! మా ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మా అయ్య పోలయ్య ఇంజను పడవ నడిపేవాడు. ఊళ్ళో అతని మాటకి విలువ, అతని నోటికి భయం. ఆ రోజు ఆవిడకి వినపడేలాగే అన్నాడు. "సేపని సూస్తే కడుపులో తిప్పే మనిసికి సేపెక్కడున్నాదో ఎలగ తెలుస్తాదే?"

ఆవిడ విన్నారు. కోపం తెచ్చుకోలేదు. "నాకు తెలీదు బాబూ. తెలిసినోల్లు పంపుతారు, నాను సెప్తాను. ఆ మాత్రం దానికి కడుపుతో పనేటి?" అన్నారు. చేపల వాసనకి మొదటి నెలల్లో నిజంగానే ఆవిడకి వికారంగా ఉండేది. బుగ్గన లవంగం పెట్టుకుని తిరిగేవారు. ముక్కుకి కొంగు మాత్రం ఎప్పుడూ అడ్డం పెట్టలేదు. "ఆల్ల అన్నం వాసనకి నాను ముక్కు మూసుకుంటే, నా మాటకి ఆల్లు సెవులు మూసుకుంటారు కుమారీ," అని తర్వాతెప్పుడో నాతో అన్నారు. ఊరు ఆవిడకి మైకు మేడమ్మ అని పేరు పెట్టేసింది.

నేను ప్లస్‌టూ పాసై ఇంట్లో కూర్చుని అమ్మతో కలిసి చేపలు ఎండబెడుతున్నాను. రెండు భాషలూ వచ్చిన ఊరి పిల్ల కావాలని ఆవిడ అడిగితే మా అమ్మ నన్ను ముందుకి తోసింది. మొదటి రోజు నా చేతికి ఒడియాలో ఉన్న కాగితం ఇచ్చి మైకులో తెలుగు చేసి చదవమన్నారు. నేను టీవీలో వార్తలు చదివే అమ్మాయిలా గొంతు సవరించుకుని, 'ఆగ్నేయ దిశ నుండి వీచు గాలుల వేగము' అంటూ మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యి చాచి మైకు ఆపేశారు.

"ఎవరితో మాట్లాడతన్నావు?"

"ఊరందరితో మేడమ్."

"ఊరందరూ అంటే ఎవరూ కాదు. అదిగో, మీ అయ్య పడవ పక్కన వల సర్దుకుంటన్నాడు. నీ వైపు తిరిగైనా సూడనేదు. ఆయనతో మాట్లాడు. ఇంట్లో ఎలగ మాట్లాడతావో అలగే."

మైకు మళ్ళీ పెట్టారు. నాకు ఏమీ తోచక, "అయ్యా!" అన్నాను. నాలుగు బూరల్లోంచీ ఆ పిలుపు ఊరంతా మోగింది. ఇంట్లో ఏదో కొంప మునిగిందనుకుని మా అయ్య భుజాన వల భుజాననే ఉండగా ఇసుకలో పడుతూ లేస్తూ గది దాకా పరుగెత్తుకొచ్చాడు. "ఏటే? ఏటయింది?" అని గుమ్మంలో రొప్పుతూ నిలబడితే, "రేపు సాయంత్రం గాలి పెరుగుతాదయ్యా," అన్నాను బిక్కమొహం వేసి. మేడమ్‌గారు బల్ల మీద తల పెట్టుకుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వారు. అయ్య ఇద్దర్నీ తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. మర్నాడు గాలి పెరిగే వేళకి ఆయన పడవ ఒడ్డునే ఉంది. పరుగెత్తుకొచ్చి విన్న మాట కదా, మరిచిపోవడం కుదర్లేదు.

ఇప్పుడు నేను రాస్తున్న ఈ తెలుగు కూడా ఆవిడ పెట్టిన భిక్షే. మాట్లాడటం తప్ప నాకు అప్పటికి తెలుగులో అక్షరం ముక్క రాదు. ఆవిడ తమ్ముడి కొట్లో చింతపండు పొట్లాలు కట్టడానికి కొన్న పాత తెలుగు పేపర్లు చిత్తుగా పడి ఉండేవి. రోజూ కొన్ని మడతపెట్టి సంచిలో తెచ్చేవారు. చింతపండు మరకల మధ్య కనిపించే అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం నేర్చుకున్నాను. సగంలో చిరిగిపోయిన కథలకి ముగింపు నన్నే చెప్పమనేవారు. నేను చెబితే, "ఇంత తొందరగా పెళ్ళి సేసీకు ఆ పిల్లకి, ఇంకో రెండు పేజీలు బతకనీ," అనేవారు. మధ్యాహ్నం ఆవిడ డబ్బాలో తెచ్చిన ముద్దపప్పు, నేను ఇంటి నుంచి తెచ్చిన ఎండుచేప వేపుడు ఒకే బల్ల మీద రెండు చివర్లా ఉండేవి. మాటలు మాత్రం మధ్యలో.

మిగతా ఊళ్ళలో ఉన్న ఇలాంటి గదులూ కబుర్లు చెప్పేవే. మా గదికి ఒక ప్రత్యేకత ఉండేది, అది పూర్తిగా ఆవిడ పెట్టిన పద్ధతి. పొద్దున్నే బస్సు దిగగానే గదికి రాకుండా నేరుగా ఒడ్డుకి నడిచేవారు. వేట నుంచి వచ్చిన ప్రతి పడవ దగ్గరా ఆగి, నిన్న మైకులో చెప్పిన చోట చేప పడిందా, గాలి చెప్పినట్టే వీచిందా అని అడిగేవారు. మైకు పెట్టగానే ముందు నిన్నటి సంగతి. "నిన్న తూర్పున కవ్వళ్ళ సేపలు దొరుకుతాయని సెప్పినాం. ఎల్లినోల్లకి దొరికినాయి." లేదా, "నిన్న గాలి తగ్గుతాదని సెప్పినాం. తగ్గనేదు. మా మాట తప్పింది." ఆ తర్వాతే ఇవాళ్టి కబురు. పై ఆఫీసులో ఒకాయనకి ఇది నచ్చేది కాదు. మన తప్పుల్ని మనమే చాటింపు వేసుకోవడం ఏమిటని ఫోన్‌లో విసుక్కునేవాడు. ఆవిడ "హఁ ఆజ్ఞా, హఁ ఆజ్ఞా" అని ఒడియాలో ఎంతో మర్యాదగా అన్నీ ఒప్పుకుని, ఫోన్ పెట్టేసి మర్నాడు అదే పని చేసేవారు.

ఒక ఏడాది వానాకాలం ముగిసినా సముద్రం చల్లబడలేదు. రోజూ వచ్చే కబురులో ఒక కొత్త వాక్యం చేరింది. మన వైపు సముద్రం పైనీళ్ళు ఉండాల్సిన దానికంటే వేడిగా ఉన్నాయని, ఆ వేడి రోజుల తరబడి దిగడం లేదని, దీన్ని సముద్రపు వడగాలిగా లెక్కపెట్టాలని. భూమంతా వేడెక్కుతున్న కొద్దీ ఇలాంటివి తరచుగా వస్తాయని కూడా ఉంది. నేను అది మైకులో చదివితే మా అయ్య పకపకా నవ్వాడు. "సంద్రానికి వడదెబ్బేటే? తల మీద తడిగుడ్డెయ్యమన్నారేటి?" ఒడ్డంతా నవ్వింది. కానీ వలలు అప్పటికే ఖాళీగా వస్తున్నాయి. నవ్వుతున్నవాళ్ళ ఇళ్ళలో అమ్మకానికి చేప లేదు, కూరకీ లేదు.

మర్నాడు మేడమ్‌గారు సంచిలోంచి గాజు గ్లాసు, పసుపు పొట్లం, ఫ్లాస్కు తీశారు. చేపలు ఎండబెట్టే చోట ఆడవాళ్ళ మధ్య కూర్చుని, గ్లాసులో సగం దాకా చల్లని నీళ్ళు పోసి పసుపు కలిపారు. దాని మీద గరిటె వెనక నుంచి ఫ్లాస్కులోని వేడినీళ్ళు మెల్లగా జారవిడిచారు. పసుపు నీళ్ళు అడుగునే ఉండిపోయాయి, తెల్లనీళ్ళు పైన తేలి కూర్చున్నాయి. మా అమ్మ గ్లాసు దగ్గరికి మొహం పెట్టి చూసింది.

"పసుపు పైకి రాదేటి మేడమ్మా?"

"రాదు. ఏడినీల్లు మూతలాగ కూకున్నాయి. ఈ పసుపే సంద్రం అడుగున ఉండే సత్తువ అనుకోండి. అది పైకొస్తేనే సిన్న సేపకి మేత. మేత నేకపోతే అది ఉండదు. అది నేకపోతే పెద్ద సేప రాదు. ఉన్నవి కూడా సల్లదనం కోసం కిందకి దిగిపోతాయి. మన వలలు పైనే తేల్తన్నాయి."

అయ్య వెనక నిలబడి అంతా చూశాడు. ఈసారి నవ్వలేదు. "మరయితే ఎక్కడికెల్లమంటారు?" అన్నాడు. అది వెక్కిరింత కాదు. దిక్కు తోచక అడిగిన మాట. ఆవిడ గ్లాసు కడిగి సంచిలో పెట్టుకున్నారు. ఆ తర్వాత రోజూ అందరూ అదే అడగడం మొదలుపెట్టారు. బస్సు దిగేసరికి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు ఎదురు చూస్తుండేవారు. ఎక్కడో ఒకచోట చెప్పండమ్మా, ఎంత దూరమైనా పంపుతాం అనేవారు.

అలాంటి రోజుల్లో ఒక కబురు వచ్చింది. ఫలానా దిక్కున, చాలా లోపల, చేపలు దొరికే వీలుందని. మేడమ్‌గారు ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. నీళ్ళ వేడి ఇలా ఉండగా అది ఎంతవరకు నిజమవుతుందని ఆవిడ మనసులో ఉంది, నాతో అన్నారు కూడా. కిటికీ బయట మా ఊరి ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఆవిడ మైకు పెట్టి కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు. అనుమానం సంగతి చెప్పలేదు. ఊళ్ళో కదిలే పడవలన్నీ ఆ దిక్కుకి వెళ్ళాయి.

తిరిగొచ్చిన వలల్లో చేపలు లేవు. నిండా జెల్లీచేపలు. ఆ జిగురు బరువుకి వలలు చిరిగాయి, లాగిన మగవాళ్ళ చేతులు మోచేతుల దాకా ఎర్రగా కమిలి మండుతున్నాయి. పోయినంత దూరం పోయి, ఉన్న డీజిలంతా కాల్చుకుని వచ్చారు. అయ్య ఇంట్లో అన్నం ముట్టలేదు. "రేపు ఆ మైకు నాను ఇరిసేస్తాను. నువ్వు ఆ గది గుమ్మం ఎక్కితే కాల్లు ఇరుగుతాయి," అన్నాడు. మర్నాడు పొద్దున్న చూస్తే ఎవరో ఆ చిరిగిన వలల్నే తెచ్చి స్తంభం చుట్టూ చుట్టి, గది తలుపుకి అడ్డంగా కట్టారు. నేను బస్సు దగ్గరికి పరుగెత్తాను. ఇవాళ్టికి వెనక్కి వెళ్ళిపొమ్మని బతిమాలాను. ఆవిడ నా మొహం చూసి, "సేతులు ఎవరెవరికి మండతన్నాయి?" అని అడిగారు. అందరికీ అన్నాను. తలాడించి నడిచారు. గది దగ్గరికొచ్చి, తలుపుకున్న ఆ వలని తన చేతులతోనే విప్పడం మొదలుపెట్టారు. జెల్లీచేప చచ్చినా దాని విషం చావదని ఆవిడకి తెలుసు, సైన్సు టీచరు కదా. నేను కర్ర తెచ్చేలోపు రెండు అరచేతులూ కందిపోయాయి.

ఇంతలో పై ఆఫీసాయన ఫోన్. సంగతి అప్పటికే ఆయనకి చేరింది. దాని గురించి మైకులో ఏమీ అనొద్దని, నాలుగు రోజులు ఊరుకుంటే అదే సద్దుమణుగుతుందని ఆయన మాట. ఆవిడ ఒడియాలో నెమ్మదిగా జవాబిచ్చారు. తప్పు మాట ఊరంతటికీ నా గొంతుతోనే వినిపించాను, సరిదిద్దే మాట మాత్రం చెవిలో గొణగలేనండీ అని. ఫోన్ పెట్టి, ఎర్రబడిన చేత్తో మైకు దగ్గరికి లాక్కున్నారు.

"నాను సుభద్రని. నిన్న నాను సెప్పిన సోటికి ఎల్లినోల్లకి సేపలు దొరకనేదు. వలలు పోయినాయి, సేతులు కాలినాయి. కాగితంలో ఉన్నది సదివినాను. కానీ నాకు అనుమానం ఉంది. ఆ అనుమానం మీకు సెప్పకుండా దాసినాను. మీరు అడుగుతుంటే నేదనడానికి నోరు రానేదు. అది నా తప్పు. ఇయ్యాల సేపలెక్కడున్నాయో నాకు తెలీదు. సంద్రం ఏడి దిగేదాకా తెలుస్తాదో నేదో కూడా తెలీదు. తెలిసిన రోజు సెప్తాను."

ఒడ్డు నుంచి మా అయ్య గొంతు వినిపించింది. "తెలీనప్పుడు మైకెందుకు?" ఎవరూ నవ్వలేదు, ఎవరూ రాయి విసరలేదు. కాసేపటికి మా అమ్మ చెంబుతో వేణ్ణీళ్ళు తెచ్చి ఆవిడ చేతుల మీద పోసింది. నేను పక్కన నిలబడి ఏడ్చాను. ఇంట్లోవాళ్ళ కోసం ఏడుపో ఈవిడ కోసం ఏడుపో నాకే తెలియలేదు.

ఆ రోజు నుంచి మా మైకులో రోజూ అదే మాట. గాలి ఇలా ఉంటుంది, కెరటం ఇంత ఉంటుంది, చేపల సంగతి తెలీదు. ఊరికి అదొక వేళాకోళమైపోయింది. బళ్ళో మాష్టారు లెక్క అడిగితే పిల్లలు ఆవిడ గొంతుతో "నాకు తెలీదు, తెలిసిన రోజు సెప్తాను" అనేవారు. కూరేమిటని మొగుడు అడిగితే పెళ్ళాం అదే జవాబు. నాకు తల కొట్టేసినట్టుండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"రోజూ తెలీదు తెలీదంటే మనల్ని ఎవరు లెక్కసేస్తారు మేడమ్? ఏదో ఒకటి సెప్పొచ్చు కదా, మిగతా ఊళ్ళలో సెప్తన్నారు."

ఆవిడ పేపరు పొట్లం మడతలు విప్పుతూ అన్నారు. "సేప దొరక్కపోతే ఆకలేస్తాది కుమారీ. అది బాధే. కానీ ఇంత ఏడి సంద్రం ఊరికే ఉండదు. దీని మీదకి ఒక తుపాను వచ్చిందంటే ఎంత తొందరగా పెరుగుతాదో ఎవరికీ ముందుగా తెలీదు. ఆకాశం బాగుండగానే ఎల్లొద్దని సెప్పాల్సిన రోజు ఒకటి వస్తాది. ఆ రోజు మీ అయ్య నా మాట ఇంటాడా, ఇనడా? నాకు అదొక్కటే బెంగ. దానికోసం ఎన్నిసార్లయినా నవ్వించుకుంటాను."

ఆ రోజు దీపావళికి ముందే వచ్చింది. దానికి ముందు సాయంత్రం రెండు పడవలకి కానాగంతలు పడ్డాయి. ఎన్నాళ్ళకో చూసిన చేప. ఊళ్ళో ప్రతి పొయ్యి మీదా పులుసు ఉడికింది, పొద్దున్నే ప్రతి పడవకీ ఐసు ఎక్కింది. ఆకాశం అద్దంలా ఉంది. పొద్దున వచ్చిన కబురులో ఎక్కడో దూరంగా అల్పపీడనం, ఇంకా భయం లేదు. మధ్యాహ్నానికి మాట మారింది. అది ఊహించిన దానికంటే వేగంగా బలపడుతోందని, దాని కింద సముద్రం బాగా వేడిగా ఉందని, మన తీరం వైపే వస్తోందని. మేడమ్‌గారు ఫోన్ చేసి ఒకటికి రెండుసార్లు అడిగి తెలుసుకున్నారు. కిటికీలోంచి చూస్తే మా అయ్య జట్టు పడవని నీళ్ళలోకి తోస్తోంది. మిగతా పడవలు ఆ పడవ కోసం చూస్తున్నాయి. అయ్య కదిలితే ఊరంతా కదులుతుంది, అయ్య ఆగితే ఆగుతుంది. ఆ వలలో పడబోయే కానాగంతలు మా ఇంటికి ఎంత అవసరమో నాకు తెలుసు. ఆవిడ మైకు తీసుకున్నారు.

"పోలయ్యగారూ! నాను సుభద్రని. నిన్న తెలీదన్నాను. మొన్న తెలీదన్నాను. ఇయ్యాల తెలుసు. తుపాను వస్తన్నాది. సంద్రం ఏడినంతా తాగి బలుస్తన్నాది. పొద్దున్న ఉన్నట్టు ఇప్పుడు నేదు, ఇప్పుడున్నట్టు రేపు ఉండదు. మీకు సేపలు పడినాయని తెలుసు, ఎల్తే ఇయ్యాల కూడా పడొచ్చు. అయినా సెప్తన్నాను. ఎల్లొద్దు. పడవ మీదకి లాగండి."

అయ్య నడుము లోతు నీళ్ళలో, పడవ అంచు పట్టుకుని నిలబడిపోయాడు. జట్టులో ఒక కుర్రాడు ఆకాశం చూపించి ఏదో అన్నాడు. అయ్య ఆకాశం చూశాడు, చేతులకి ఇంకా మానని మచ్చలు చూసుకున్నాడు, గది వైపు చూశాడు. తర్వాత ఒడ్డున అందరికీ వినపడేలా అరిచాడు.

"ఆయమ్మ తెలీనప్పుడు తెలీదనే సెప్పింది. ఇన్నాల్లు మనమంతా నవ్వినా మాట మార్సనేదు. ఇయ్యాల తెలుసంటన్నాది. లాగండ్రా!"

పడవలన్నీ ఇసుక మీదకి ఎక్కాయి. అక్కడ నిలవలేదు, సరుగుడు తోట దాకా లాక్కుపోయారు. మేడమ్‌గారు కుర్చీలో వెనక్కి వాలి రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. ఆ వేళకి బరంపురం బస్సులు ఆగిపోయాయి, ఆవిడ మాతోపాటే తుపాను షెల్టరులో ఉండిపోయారు. మా అమ్మ వేరే పొయ్యి పెట్టి, కొత్త గిన్నె కడిగి, ఆవిడకి ఉప్పూ పప్పూ వేసి వండింది. గాలి వచ్చినప్పుడు అది మాకు తెలిసిన తుపానుల్లా రాలేదు, మేం ఊహించిన వేళకంటే ముందే వచ్చి మీద పడింది. ఇళ్ళ కప్పులు పోయాయి, సరుగుడు చెట్లు పడి కొన్ని పడవలు విరిగాయి, మా ఇనప స్తంభం సగానికి వంగింది. కానీ మా ఊరి మగవాళ్ళు ఒక్కరు కూడా సముద్రంలో లేరు. షెల్టరులో అందరూ ఒకరినొకరు తొక్కుకుంటూ, తిట్టుకుంటూ, పిల్లల ఏడుపుల మధ్య నేల మీద కూర్చుని ఉన్నారు.

అయ్య ఆవిడకి ఎప్పుడూ కృతజ్ఞత చెప్పలేదు. పైగా కనిపించినప్పుడల్లా, "మీ మాట ఇని నా కానాగంతలు పోయినాయి మేడమ్మా," అని దెప్పేవాడు. ఆవిడ కూడా, "వచ్చే జన్మలో సేపలు తినే ఇంట్లో పుడతాను, అప్పుడు ఆ బాకీ తీరుస్తాను," అనేవారు. వంగిన స్తంభం తీసి కొత్తది వేశారు. మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కలేని పరిస్థితి వచ్చేదాకా ఆవిడ వస్తూనే ఉన్నారు. తర్వాత గది నా చేతికొచ్చింది. నెలకోసారైనా నేను హల్దియాపదర్ వెళ్ళేదాన్ని. మంచం పక్కన కూర్చోబెట్టుకుని సముద్రం సంగతులు అడిగేవారు. చివరిసారి వెళ్ళినప్పుడు, ఆ ఏడాది కూడా నీళ్ళు వేడిగానే ఉన్నాయని చెప్పాను. "మీ అయ్య సిన్నప్పటి సంద్రం ఇంక తిరిగి రాదేమో కుమారీ," అన్నారు. నాకు దుఃఖం ఆగలేదు. మరి మనమేం చెయ్యాలి మేడమ్ అన్నాను. "ఏటి సేస్తాం? పొద్దున్నే లేసి మైకు పెడతాం," అని నవ్వారు.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. కబురు నాకంటే ముందు వాళ్ళకే చేరుతుంది. అయినా మైకు విన్నాకే పడవ కదులుతుంది. తెలీదని చెప్పడానికి నాకు ఇప్పుడు సిగ్గు లేదు. తెలుసని చెప్పాల్సిన రోజునే ఒకటికి రెండుసార్లు ఫోన్ చేసి అడుగుతాను. కొన్నిసార్లు పడవలు ఆపేశాక గాలి దారి మార్చుకుని వెళ్ళిపోతుంది, ఊరంతా నా మీద మండిపడుతుంది. మర్నాడు ముందు ఆ మాటే చెబుతాను. ఆవిడే గనక లేకపోతే నేను ఎక్కడో చేపలు ఎండబెట్టుకుంటూ బతికేదాన్నే, అందులో తక్కువేమీ లేదు. కానీ నా గొంతుకి ఇంత పని ఉందని నాకు తెలిసేది కాదు.

సుభద్రమ్మగారు పోయిన చలికాలం కన్నుమూశారు. పెద్దకర్మ రోజున నేను బయల్దేరుతుంటే అయ్య ఉతికిన పంచె కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వెనకాలే అతని పాత జట్టువాళ్ళూ మిగతా పడవలవాళ్ళూ. ఒక ట్రెక్కరు జీపు నిండిపోయింది. హల్దియాపదర్‌లో ఇంటి ముందు షామియానా కింద బజారు షావుకార్లు, పాత టీచర్లు కూర్చుని ఉన్నారు. ఎండకి నల్లబడ్డ ఇంతమంది మగవాళ్ళు చెప్పులు విడిచి వరసగా నిలబడేసరికి అందరూ తల తిప్పి చూశారు. మేడమ్‌గారి తమ్ముడు ఎదురొచ్చి, చేతులు జోడించి, "ఎవరండీ మీరు? అక్కకి ఎలా తెలుసు?" అని అడిగారు. ఇన్నేళ్ళూ నోటికి అడ్డు లేని మా అయ్య కండువాతో మొహం తుడుచుకుని, వెనక ఉన్నవాళ్ళందరినీ చేత్తో చూపించాడు.

"మేమా బాబూ? ఆ రోజు సంద్రంలోకి ఎల్లనోల్లం."

తమ్ముడుగారు అయ్య చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, బంధువుల పంక్తిలో విస్తరి ముందు కూర్చోబెట్టారు. ఆ జవాబు నాతోనే ఉండిపోయింది. నేను పొద్దున్నే మైకు పెట్టేది అందుకే. నా మాట విని ఒడ్డున ఆగిపోయినవాళ్ళు, సాయంత్రం నన్ను తిట్టుకుంటూ, ఇంట్లో కూర్చుని అన్నం తినాలి.